పది అంకెల సంఖ్య చాలు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 2024లో దొరికిన, నాలుగు కోట్లకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్యతో మొదలుపెట్టావు. మొదటి పేరాలోనే ‘అద్భుతం’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. అంత పెద్ద సంఖ్య ఎవరి ఊహకూ అందదు. నా మాట విని 2147483647 తీసుకో. మన లెక్కలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. రూపాయిని 31 సార్లు రెట్టింపు చేసి, చివర్లో ఒక్క రూపాయి తీసేస్తే వచ్చేది ఇదే.

ఇది ప్రధాన సంఖ్య అని 1772లో తేల్చినవాడు గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్. అప్పటికి ఆయన రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. నీ వ్యాసంలో ఆయన పేరు ఒకచోట అలా వచ్చి పోయింది. నాకైతే అసలు కథంతా అక్కడే ఉంది. మామూలుగా అయితే దీని వర్గమూలం వరకు, అంటే 46340 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకు పైనే ఉన్నాయి. ఆయిలర్‌కు అన్ని అక్కర్లేకపోయాయి.

ఎందుకో చిన్న సంఖ్యతో చూపించు. ఒకటిని 11 సార్లు రెట్టింపు చేసి, ఒకటి తీసేస్తే 2047. అది 23, 89ల లబ్ధం. ఆ రెండిటినీ 22తో, అంటే 11కు రెట్టింపుతో భాగించు. రెండుసార్లూ 1 మిగులుతుంది. అలాగే మన పెద్ద సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1 మిగలాలి. 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు షరతులూ పెట్టాక చేయాల్సిన భాగహారాలు 372కు మించవు. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. ఈ చోట తొందరపడకు, రెండు పేరాలైనా ఇవ్వు.

కంప్యూటర్ల సంగతి రాసినచోట మాత్రం ఒక పొరపాటుంది. 1970 మొదటి నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత కంప్యూటర్ గడియారాలు 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44:07కి ఈ సంఖ్యకు చేరి, ఆ పైన లెక్క తప్పేది నిజమే. కానీ అది ప్రధాన సంఖ్య కావడం వల్ల కాదు, 31 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 31 గళ్లు, నిండిపోవడం వల్ల. ప్రధానత్వం నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ 16807తో గుణించి, 2147483647తో భాగించి శేషం తీసుకుంటూ పో. 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యల కోసం ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి వాడిన పద్ధతి ఇది. భాజకం ప్రధాన సంఖ్య కాకపోతే ఈ వరుస అలా అన్నిటినీ తాకదు.

ఇంకోసారి రాసి పంపు. అంతకు ముందు 23ను, 89ను కాగితం మీద నీ చేత్తో భాగించు. ఆ కాగితం కూడా కవర్లో పెట్టు.

ఆశీస్సులతో,
అన్నయ్య