ఇళ్ల మరమ్మతులను కౌన్సిల్ తిరిగి సొంతంగా చేపడితే లీజ్‌హోల్డర్లకు ఏం మారుతుంది?

లండన్‌లో మీ కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) తన ఇళ్ల మరమ్మతుల పనిని కాంట్రాక్టు కంపెనీ నుంచి వెనక్కి తీసుకుని, వచ్చే ఏప్రిల్ నుంచి సొంత సిబ్బందితో చేయించబోతోందనీ, ఒకప్పటి కౌన్సిల్ ఫ్లాట్‌ను దీర్ఘకాలిక లీజు మీద కొనుక్కుని లీజ్‌హోల్డరైన మీకు దీనివల్ల సర్వీస్ ఛార్జి (భవనం ఉమ్మడి ఖర్చుల్లో మీ వాటా) తగ్గుతుందో పెరుగుతుందో తెలియడం లేదనీ రాశారు. అలాంటి ఫ్లాట్‌లోనే పదమూడేళ్లుగా ఉంటూ ఈ మార్పును చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఛార్జి తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. పని జరిగే తీరు మాత్రం మారుతుంది, అది కూడా మొదటి ఏడాది గడిచాకే.

మా బ్లాకులో పన్నెండు ఫ్లాట్లున్నాయి. కాంట్రాక్టర్ల కాలంలో ఒకసారి మా తలుపు ముందున్న మెట్ల దారి సీలింగ్‌కు గోధుమరంగు మరక పడితే, ఫిర్యాదు చేశాక ఒకతను నిచ్చెనతో వచ్చి దానిమీద రంగు వేసి వెళ్లాడు. మూడు వారాలకు మరక మళ్లీ తేలింది. తర్వాత వచ్చిన మనిషి పెచ్చులూడిన చోట ప్లాస్టర్ వేశాడు. మూడోసారి వచ్చిన పెయింటర్ బొటనవేలితో నొక్కి చూస్తే వేలు లోపలికి దిగబడింది. అయినా అతని చేతిలో ఉన్న ఆర్డరు రంగు వేయడానికే కాబట్టి ఆ తడిమీదే రంగు వేసి ఫోటో తీసుకున్నాడు. ఇలా మొత్తం ఐదు సార్లు జరిగింది. ఏడాది చివర వచ్చిన సర్వీస్ ఛార్జి లెక్కల్లో ఆ ఒక్క సీలింగ్ పేరిట ఐదు పద్దులున్నాయి.

ఇందులో ఆ పనివాళ్ల తప్పు ఏమీ లేదు. రేట్ల షెడ్యూల్ (ఒక్కో రకం పనికి ముందే ఖరారు చేసిన ధరల పట్టిక) ప్రకారం నడిచే కాంట్రాక్టులో పూర్తయిన ప్రతి ఆర్డరుకూ ఇంత అని డబ్బు వస్తుంది. నీరు ఎక్కడి నుంచి కారుతోందో వెతికినందుకు ఏమీ రాదు. ఇంటికింత అని ఒకే మొత్తం ఇచ్చే పద్ధతి పెడితే, పని తప్పించుకోవడమే లాభమవుతుంది.

పని కౌన్సిల్ చేతికి వచ్చాక మా ఇంటికి వచ్చిన ప్లంబర్ కొత్తవాడేమీ కాదు. ఇలా పని చేతులు మారినప్పుడు ఉద్యోగులు తమ ఉద్యోగ షరతులతో సహా కొత్త యజమాని కిందికి రావాలని 2006 నాటి ట్యూపీ నిబంధనలు చెబుతాయి, కాబట్టి మనుషులు చాలావరకు పాతవాళ్లే, చొక్కా మీద గుర్తు మాత్రమే మారింది. అతను పై అంతస్తు అద్దెదారుల ఇంటికి వెళ్లి, స్నానాల తొట్టి పక్క పలక మరలు విప్పి, టార్చి వేసి, నీళ్లు పోయే గొట్టం దగ్గర అరిగిపోయిన వాషర్‌ను మార్చాడు. పట్టుమని ఇరవై నిమిషాలు పట్టలేదు. లోపం పైనే ఉందని తనకు ముందే అనుమానం ఉండేదనీ, పైకి వెళ్లడానికి ఆర్డరే లేకపోయిందనీ కిందికి దిగుతూ చెప్పాడు.

అయితే ఆ మొదటి చలికాలాన్ని నేను మరిచిపోలేదు. మనలో చాలామంది ఐటీవాళ్లమే కనుక, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి డేటా మార్చే వారాంతం ఎలా ఉంటుందో వివరించనక్కరలేదు. సగంలో ఆగిన పనులు ఎన్నో ఆ మార్పిడిలో గల్లంతయ్యాయి. వ్యాన్లు కొత్తవే గానీ వాటిలో సామాను లేదు, ఎందుకంటే స్టోర్సు నడపడం కౌన్సిల్ ఏళ్ల కిందటే మరిచిపోయింది. 1980 నాటి చట్టం కౌన్సిళ్ల సొంత కార్మిక విభాగాలను టెండర్లలో పోటీకి దింపాక, వాటిలో అనేకం చిక్కిపోయాయి. ఇక బయటి కంపెనీలను నమ్ముకోవడంలోని ప్రమాదం 2010 సెప్టెంబరులో కౌన్సిల్ ఇళ్ల మరమ్మతులు చేసే కానాట్ కంపెనీ కుప్పకూలినప్పుడు నార్విచ్ వంటి కౌన్సిళ్లకు తెలిసొచ్చింది. ఇస్లింగ్టన్ కౌన్సిల్ 2014లోనే మరమ్మతులను సొంతం చేసుకుంది, కాబట్టి మీ కౌన్సిల్ చేస్తున్నది కొత్త సాహసమేమీ కాదు.

డబ్బు విషయానికొస్తే, వ్యాట్ మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కౌన్సిళ్లు కాంట్రాక్టరుకు కట్టిన వ్యాట్‌ను ఎలాగూ వెనక్కి తీసుకుంటాయి. ఆ ఆదా హౌసింగ్ అసోసియేషన్లకే (లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థలకే) వర్తిస్తుంది. మిగిలేది కాంట్రాక్టరు లాభం. అందులోంచి డిపో అద్దె, వ్యాన్లు, కౌన్సిల్ పెన్షన్ ఖర్చు తీసేస్తే చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

లీజ్‌హోల్డర్లుగా మనం కోల్పోయేది కూడా ఒకటుంది. ఏడాదికి మించిన కాంట్రాక్టు వల్ల ఏ లీజ్‌హోల్డరుకైనా ఏటా 100 పౌండ్లకు మించి భారం పడేట్లయితే, 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 20వ సెక్షన్ కింద ముందుగా మనల్ని సంప్రదించాలి. సొంత ఉద్యోగులను పెట్టుకోవడానికి ఆ సంప్రదింపు అక్కరలేదు. ఒక్కో పనికి మన వాటా 250 పౌండ్లు దాటితే మాత్రం సంప్రదింపు తప్పనిసరి. ఛార్జి సమంజసం కాదనిపిస్తే ట్రైబ్యునల్‌కు వెళ్లే హక్కూ ఉంటుంది.

కాబట్టి ఏప్రిల్ లోపే మీ బ్లాకులో తేలని ఫిర్యాదులన్నిటి నంబర్లూ, తేదీ కనిపించే ఫోటోలూ దాచుకోండి; మార్పు జరిగిన వారంలోనే వాటిని మళ్లీ నమోదు చేయించండి. స్పందన లేకపోతే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దాన్ని స్వీకరించినట్లు తెలియజేశాక మొదటి దశలో 10, రెండో దశలో 20 పని దినాల్లో కౌన్సిల్ జవాబివ్వాలి. అదీ కుదరకపోతే ఇళ్ల ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు, లీజ్‌హోల్డర్లు కూడా అక్కడికి వెళ్లవచ్చు.

నివాసుల సమావేశంలో పనికి గంటకు ఎంత అన్నది అందరూ అడుగుతారు. మీరు మాత్రం, సీలింగ్ చూడడానికి వచ్చిన మనిషి కొత్త ఆర్డరు కోసం ఆగకుండా పై ఇంటి తలుపు తట్టగలడా అని అడిగి, ఇచ్చిన జవాబును మినిట్స్‌లో రాయించండి.