వర్గమా, కులమా?

సందేహం: నేను డిగ్రీ కళాశాలలో సామాజికశాస్త్రం చెబుతాను. పరీక్షలో ఒక విద్యార్థి "భారతదేశంలో సామాజిక వర్గం పుట్టుకతో వస్తుంది" అని వ్రాస్తే, పుట్టుకతో వచ్చేది కులమని చెప్పి మార్కులు తగ్గించాను. మరునాడు అతడు దినపత్రిక తెచ్చి "ఫలానా సామాజిక వర్గానికి చెందిన అభ్యర్థి" అన్న వాక్యం చూపించాడు. వర్గమనే మాటకు కులమనే అర్థం ఉన్నదా? ఆంగ్లంలోని క్లాస్‌కు వర్గం, తరగతి అనే రెండింటిలో ఏది తగినది? – ఒక అధ్యాపకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, మీ విద్యార్థి గడుసువాడు. తన జవాబును సమర్థించుకోవడానికి నిఘంటువును కాక పత్రికను తెచ్చాడు. ఈ కాలంలో ఏది ఎక్కువ చెల్లుతుందో అతనికి తెలుసు. నిఘంటువులలో మాత్రం వర్గమంటే కులమని లేదు. అయినా ఈ మాట చరిత్ర కొంత చెప్పకుండా తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

వర్గశబ్దానికి మూలం 'వృజీ వర్జనే' అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం చెప్పిన వృజ్ ధాతువు. వర్జనమంటే విడిచిపెట్టడం, తప్పించడం, వేరుచేయడం. పంచాంగంలో మనం చూచుకొనే వర్జ్యమూ, వైద్యుడు పథ్యంలో వర్జించమనే పదార్థమూ ఈ ధాతువు సంతానమే. ధాతువును నామంగా మార్చే ఘఞ్ ప్రత్యయం చేరినప్పుడు ధాతువు చివరనున్న జకారం గకారమవుతుంది కనుక యుజ్ నుంచి యోగం, త్యజ్ నుంచి త్యాగం, భజ్ నుంచి భాగం, రుజ్ నుంచి రోగం ఏర్పడినట్లే వృజ్ నుంచి వర్గం ఏర్పడింది. అంటే నేడు మనం గుంపు అనే అర్థంలో వాడే ఈ మాట పుట్టుకలో కలయిక కంటె ముందు వెలివేత ఉన్నది. కానివారిని పక్కన పెట్టగా నిలిచినవారు వర్గం. వ్యుత్పత్తిని బట్టి సిద్ధాంతం కట్టకూడదని నాకు తెలియకపోలేదు. కాని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వేబర్ కొన్ని సమూహాలు అవకాశాలను తమకే ఉంచుకొని బయటివారికి తలుపు మూస్తాయని చెప్పినప్పుడు, ఆయన తర్వాత బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త ఫ్రాంక్ పార్కిన్ 1979లో ఆ మూసివేతనే వర్గసిద్ధాంతానికి ఆధారం చేసి వెలివేతను అధికారపు పనితీరుగా వివరించినప్పుడు, వారికి తెలియకుండానే మన ధాతువు అర్థాన్ని చెప్పారని నేను మురిసిపోతూ ఉంటాను.

ఇక అమరకోశమనే సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుని దగ్గరకు రాక తప్పదు. 'అమరం నెమరుకు వస్తే కావ్యాలెందుకు, కాల్చనా' అని మన పెద్దలు ఊరకే అనలేదు. ద్వితీయకాండలోని సింహాదివర్గం చివర, మృగాలనూ పక్షులనూ చెప్పి ముగించే ముందు, గుంపులకున్న పేర్లను ఆయన ఇలా విడదీశాడు:

"వృందభేదాః సమైర్వర్గః సంఘసార్థౌ తు జంతుభిః
సజాతీయైః కులం యూథం తిరశ్చాం పుంనపుంసకమ్
పశూనాం సమజోఽన్యేషాం సమాజోఽథ సధర్మిణామ్
స్యాన్నికాయః"

సమానమైనవాటి గుంపు వర్గం, అవి ప్రాణులైనా సరే, అక్షరాలైనా సరే. ప్రాణుల గుంపు సంఘం, సార్థం. ఒకే జాతివాటి గుంపు కులం. తిర్యక్కుల, అంటే మనుషులు కాని జంతువుల, గుంపు యూథం. పశువుల గుంపు సమజం, తక్కినవారి గుంపు సమాజం. ఒకే ధర్మం పాటించేవారి గుంపు నికాయం. ఇందులో సమజ సమాజాల ముచ్చట చూడండి. రెండింటికీ మూలం నడపడం, తోలడం అనే అర్థమున్న అజ్ ధాతువే. పశువుల విషయంలో మాత్రం హ్రస్వం నిలవాలని పాణిని 'సముదోరజః పశుషు' అని ప్రత్యేకంగా ఒక సూత్రం చేశాడు. మీరు బోధించే శాస్త్రానికి పేరైన సమాజం ఒక్క దీర్ఘం జారితే పశువుల మంద అవుతుంది. మనుషులను గుంపుగా తోలేవారున్నారన్న సంగతి ఆ ధాతువులోనే ఉన్నది కనుక అధికారాన్ని గురించి పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటె మంచి చోటు నాకు కనబడదు.

మన ప్రశ్నకు కావలసింది 'సమైర్వర్గః', 'సజాతీయైః కులం' అన్న రెండు ముక్కలు. ఈ రెంటినీ అమరుడు పక్కపక్కనే పెట్టాడు, ఒకటిగా కలపలేదు. సమానత్వం వేరు, సజాతీయత వేరు. ఒక మిల్లులో ఒకే కూలికి పనిచేసేవారు సములు. వారి పుట్టుకలు నూరు రకాలుగా ఉండవచ్చు. ఒకే కులంలో పుట్టినవారు సజాతీయులు. వారిలో ఒకడు నూరెకరాల ఆసామి, ఇంకొకడు అతని పొలంలోనే కూలి కావచ్చు. మీ విద్యార్థికి బోధపడవలసిన తేడా మొత్తం ఈ రెండు ముక్కలలో ఉన్నది.

అమరకోశంలోనే బ్రహ్మవర్గం, క్షత్రియవర్గం, వైశ్యవర్గం, శూద్రవర్గం ఉన్నాయి కదా అని అతడు అడగవచ్చు. అక్కడ వర్గమంటే పదాల విభాగం, అంటే అధ్యాయం. వనౌషధివర్గంలో చేరినందువల్ల తిప్పతీగకు కులం పట్టలేదు. అయితే ఆ అధ్యాయాల పొందిక అమాయకమైనదని నేననను. కుమ్మరి, సాలె, కంసాలి మొదలైన చేతిపనివారి పేర్లన్నీ శూద్రవర్గంలో చేరాయి. కుక్కలు, కల్లు, జూదపు పాచికల పేర్లు కూడా వారి పక్కనే చేరాయి. నిఘంటుకర్త కూడా తన కాలపు మెట్లలో ఒకదానిమీద కూర్చునే వ్రాస్తాడు. పేర్లు పెట్టడం, విభాగాలు చేయడం కూడా ఒక అధికారమేనని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బూర్దియూ చెప్పినదానికి ఉదాహరణ వెతకవలసివస్తే అమరకోశం విషయసూచిక చాలు.

గణితంలోని వర్గం, వర్గమూలం, కవర్గ చవర్గాలు, అరిషడ్వర్గం, మంత్రివర్గం మొదలైనవి అందరికీ తెలిసినవే. మంత్రివర్గానికి 'సమైః' అన్న లక్షణం పడుతుందో లేదో రాజకీయ విలేఖరులను అడగండి. పాలకవర్గమనే మాట మార్క్స్ అనువాదాలలో ఒక అర్థంలోనూ, సహకార సంఘం ఎన్నికల వార్తలో మరొక అర్థంలోనూ కనబడుతుంది, సందర్భమే దిక్కు.

ఇప్పుడు శాస్త్రానికి వద్దాం. తన సిద్ధాంతమంతా వర్గాల మీద కట్టిన మార్క్స్ వర్గమంటే ఏమిటో నిర్వచించడానికి కూర్చున్న అధ్యాయం పూర్తికాలేదు. ఆయన సహచరుడు ఎంగెల్స్ 1894లో ప్రచురించిన 'పెట్టుబడి' మూడవ సంపుటం చివర, కూలి, లాభం, కౌలు అనే మూడు ఆదాయాలవారు మూడు వర్గాలైతే వైద్యులూ ఉద్యోగులూ కూడా వేరువేరు వర్గాలేనా అన్న చిక్కు దగ్గరికి వచ్చి, ఆ వ్రాతప్రతి ఆగిపోయింది. ఆ చిక్కును వేరే దారిలో విప్పినవాడు వేబర్. ఆయన మరణానంతరం వెలువడిన 'ఆర్థికవ్యవస్థ, సమాజం' అనే గ్రంథంలో అధికారం సమాజంలో మూడు తీరుల పంపిణీ అవుతుందన్నాడు. విపణిలో ఒకే రకమైన అవకాశాలున్నవారు ఒక వర్గం. గౌరవమర్యాదలలో, జీవనరీతిలో, పెళ్ళిపేరంటాలలో ఒకటైనవారు ఒక హోదా సమూహం. అధికారాన్ని చేజిక్కించుకోవడానికి కూడినవారు ఒక పక్షం. హోదా సమూహం పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆయన మన కులాన్నే చూపించాడు. మన దేశపు సామాజికశాస్త్రవేత్త ఆంద్రే బెతాయి 1965లో ప్రచురించిన పుస్తకంలో తంజావూరు జిల్లా గ్రామమొకదానిని ఈ మూడు కోణాలనుంచీ పరిశీలించి, ఒకప్పుడు కులంలో పైనున్నవారే భూమిలోనూ పెత్తనంలోనూ పైన ఉండగా, తర్వాత ఆ మూడింటికీ ముడి వదులవుతూ వచ్చిందని చూపించాడు. విడివిడిగా పేర్లు పెట్టుకున్నాడు కనుకనే ముడి వదులవడం ఆయనకు కనబడింది.

మన పత్రికలు చేసినదేమిటి? కార్మిక వర్గం, సామాజిక వర్గం, ఎమ్మెల్యే వర్గం అని వేబర్ విడదీసిన మూడింటికీ ఒకే మాట అంటగట్టాయి. 'రెండు వర్గాల మధ్య ఘర్షణ' అన్న శీర్షిక చదివితే కొట్టుకున్నది కూలీలూ యజమానులా, రెండు కులాలవారా, ఒకే పార్టీలోని రెండు ముఠాలా అన్నది లోపలికి వెళ్తేగాని తేలదు. ఒక్కొక్కసారి లోపలికి వెళ్ళినా తేలదు. కులమనే మాట అచ్చులో పడితే మైల అనుకొని దాన్ని 'సామాజిక వర్గం' అనే ముసుగులో దాస్తారు, ఆ ముసుగులోనే నియోజకవర్గంలో ఎవరి ఓట్లు ఎన్ని ఉన్నాయో లెక్కలు కడతారు. కులం పేరును తిట్టుగా వాడే దేశంలో విలేఖరి జాగ్రత్తపడడం మంచిదే, కాదనను. కాని ఆ జాగ్రత్త పేరు చెప్పడంలో ఉండాలి. జరిగినది కులాన్నిబట్టి జరిగినప్పుడు కులమన్న మాటనే మింగేస్తే అది జాగ్రత్త కాదు. గురజాడ 'లవణరాజు కల'లో "మంచి చెడ్డలు మనుజులందున యెంచి చూడగ రెండె కులములు" అన్నప్పుడు ఆ మాటను దాచలేదు, దాని అర్థాన్నే తిరగవేశాడు.

పత్రికల పక్షాన చెప్పదగినది ఒకటి ఉన్నది, అది చెప్పకపోతే అన్యాయం. రాజ్యాంగం 15(4)లో సామాజికంగానూ విద్యాపరంగానూ వెనుకబడిన వర్గాలని ఉన్నది. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల మీద నడిచిన ఇంద్రా సాహ్నీ కేసులో 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం భారతదేశంలో కులం సామాజిక వర్గం కావచ్చుననీ, తరచుగా అయి ఉంటుందనీ మెజారిటీ తీర్పులో చెప్పింది. అంతకు చాలా ముందే, 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో అంబేద్కర్ కులాన్ని మూతపడిన వర్గమని నిర్వచించి, ఆ మూత మరేదో కాదు, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకొనే కట్టుబాటని చూపించాడు. అందువల్ల కులానికీ వర్గానికీ చుట్టరికమే లేదని నేను వాదించలేను. ఉన్నది చుట్టరికం మాత్రమే. 'కావచ్చు' అన్న కోర్టు మాటను 'అవుతుంది' అని చదువుకొని, ఏ వెనుకబాటూ లేని భూస్వామ్య కులాన్ని కూడా సామాజిక వర్గమనడం ఆ తీర్పు మీద కూడా నిలవదు.

తరగతి విషయం. మధ్యతరగతి అంటాం గాని మధ్యవర్గమనం. కార్మిక వర్గమంటాం గాని కార్మిక తరగతి అనం. తరగతి అనగానే ఒకటి, రెండు, మూడు అని మెట్లు స్ఫురిస్తాయి. వర్గమనగానే ఎదుటిపక్షం స్ఫురిస్తుంది. పోలండు శాస్త్రవేత్త ఒస్సోవ్‌స్కీ 1957లో సమాజాన్ని జనం మెట్ల వరుసగా ఒక విధంగానూ, ఒకరిమీద ఒకరు ఆధారపడిన ఎదురుబొదురు పక్షాలుగా మరొక విధంగానూ ఊహించుకుంటారని విడదీశాడు. ఆ రెండు ఊహలకు రెండు మాటలు సిద్ధంగా ఉన్న భాష మనది. ఆదాయపు అంతస్తులు చెప్పేటప్పుడు తరగతి, ఒకరి లాభం మరొకరి శ్రమమీద నిలిచిన సంబంధం చెప్పేటప్పుడు వర్గం అని వాడండి. ప్రభుత్వం వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ అని పెట్టుకున్న పేరును మాత్రం మార్చబోకండి. శాఖల పేర్లకు వ్యాకరణం వర్తించదు.

మార్కుల మాటకు వస్తే, శాస్త్రంలో పారిభాషిక పదం తప్పితే జవాబు తప్పినట్లే కనుక మీరు తగ్గించడం న్యాయమే. అతడు అంబేద్కర్ వ్యాసాన్ని గాని 1992 తీర్పును గాని ఉదహరించి ఆ వాక్యం వ్రాసి ఉంటే మాత్రం నేను ఇంకొంచెం ఆలోచించేవాణ్ణి. పత్రికా ప్రయోగం సంగతి అంత తేలిక కాదు. జనం నోట నాటుకున్న మాటను పండితుడు పెరికిన దాఖలాలు తక్కువ. 'సామాజిక వర్గం' ఇంకొక తరం నిలిస్తే నిఘంటువులు దానికి కులమనే అర్థం కూడా చేర్చక తప్పకపోవచ్చు. పార్టీలోని చీలికకు వాడే 'వర్గపోరు' విషయంలో నాకు ఆ మెతకదనం లేదు. దానికి ముఠా తగాదా అన్న చక్కని మాట ఉన్నది. వ్రాయడానికి విలేఖరికి ధైర్యమే చాలడం లేదు.