పాత పేటను పండుగనాడే చూపించండి

ప్రశ్న: మేము కడపలో ఒక పాత పేటలో ఉంటున్నాము. ఇక్కడి మిద్దెలు, గుడులు, దర్గాల కట్టడ విశేషాలను పిల్లలకు తెలియజెప్పడానికి వీధివారమంతా కలిసి ఒక ఉత్సవం జరపదలచాము. సభ, ఉపన్యాసాలు, చిత్రలేఖన పోటీ అనుకొన్నాము. ఇంకేమి చేయవచ్చు?
– ఒక ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: సభ మానుకొమ్మని చెప్పను గాని, షామియానాకు బయానా ఇచ్చే ముందు, మీ ఊరిలో తరతరాలుగా జరుగుతున్న ఉత్సవాలను కట్టడాల వైపు నుంచి ఒకసారి చూడండి. దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలలో రథసప్తమినాడు తేరు కదులుతుంది. తేరు మలుపు తిరగాలంటే ఎంత జాగా కావాలి, దానికోసం ఇంటి అరుగు ఎక్కడ ఆగాలి అన్న సంగతులు ఆ వీధి ఒంట్లోనే ఉన్నాయి. జనం పోగుకాక ముందే, అంటే ముందురోజు ఉదయం, పిల్లల చేతికి టేపు ఇచ్చి వీధి వెడల్పును, అరుగుల ఎత్తును కొలిపించండి. మరునాడు తేరు వచ్చినప్పుడు వాళ్లు చూసే చూపే వేరుగా ఉంటుంది.

తిరుమలకు తొలి గడపగా పేరుపొందిన ఆ గుడికి, స్వామివారి దేవేరిగా చెప్పుకొనే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచే ముస్లిం కుటుంబాలు ఉగాదినాడు వెళ్లడం మీకు తెలిసినదే. అటు పెద్ద దర్గాలో అమీన్ పీర్ ఉరుసు రోజుల్లో ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) జరుగుతుంది, దానికి మతభేదం లేకుండా జనం వస్తారు. ఈ రెండు సందర్భాలనూ కలిపితే నిర్మాణశాస్త్రంలో మొదటి పాఠం దొరుకుతుంది. గుడి మండపంలో రాతి స్తంభాల మీద రాతి దూలాలు అడ్డంగా పడుకొని పైకప్పు బరువు మోస్తాయి. దర్గా కమానులో, గుమ్మటంలో ఆ బరువు పక్కలకు ఒరిగి గోడలలోకి దిగుతుంది. అందుకే అక్కడ గోడలు మందంగా ఉంటాయి.

ఇక అసలు సంపద మీ ఇళ్లే. కడప బండగా దేశమంతటా అమ్ముడయ్యే సున్నపురాయి పొరలు పొరలుగా చీలుతుంది కనుకనే అది మన ఇళ్లలో నేలగా, మెట్టుగా, అరుగుగా, గూటిలో అరగా అమరింది. పాత మిద్దెలో దూలాల మీద దంతెలు (సన్నని అడ్డకర్రలు), వాటిమీద బండలో కట్టెలో పరచి, పైన మన్ను మెత్తి, వాననీరు దిగకుండా చవుడు (చవిటి మన్ను) పోసేవారు. వెలుతురుకు పైకప్పులో గవాచి అనే కంత ఉండేది. ఈ మాటలు తెలిసిన మేస్త్రీలు, ఏటేటా మిద్దెమీద చవుడు మార్చిన అవ్వలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారిని సన్మానించి శాలువా కప్పి కూర్చోబెట్టకండి (మన సభలలో శాలువా పడగానే మాట ఆగిపోతుంది). వారి ఇంటి అరుగుమీదనే కూర్చుని చెప్పమనండి, పిల్లలు కింద కూర్చుని వింటారు.

ఒక హెచ్చరిక. ఉత్సవం పేరిట పాత సున్నపు గోడలకు ఆయిల్ పెయింటు వేయించకండి, పెచ్చులూడినచోట సిమెంటు పూయించకండి. సున్నపు గోడ పీల్చిన చెమ్మను తిరిగి గాలికి వదులుతుంది; పైన గాలి ఆడని పొర వేస్తే చెమ్మ లోపలే నిలిచి గోడను పెళుసు చేస్తుంది. అంతకన్నా పండుగ ముందు ఒక ఆదివారం వీధి వీధంతా సున్నం కొట్టే కార్యక్రమం పెట్టుకోండి. నా దృష్టిలో పోటీలన్నిటికన్నా అదే మంచి ఉత్సవం.

1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన బ్రౌన్ దొర నివాసమున్న చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తున్నది. చిత్రలేఖన పోటీకి ఆ ఆవరణను అడిగి చూడండి. గుడిలోను, దర్గాలోను పిల్లలను తిప్పడానికి, ఫొటోలు తీయడానికి ముందుగా పెద్దల అనుమతి తీసుకోవడం మరవకండి. ఇళ్లవారినైతే ఒక్కొక్క గడపా ఎక్కి స్వయంగా పిలవండి. కరపత్రం చూసి ఎవరూ తలుపు తీయరు.