మీరడగండి: తన కోసం బతకడం తప్పా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న కౌలుకి పొగాకు వేసి అప్పులపాలయ్యాడు, డిగ్రీ అవగానే నేను ఒంగోల్లో జాబ్‌లో చేరి జీతమంతా ఇంటికే పెట్టా, అప్పు తీరింది, తమ్ముడి బీటెక్ కూడా అయింది, వాడికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బీఈడీ చేస్తానంటే, తమ్ముడి కారుకి డౌన్ పేమెంట్ ఎవురు కడతారు, ఇంత స్వార్థం ఎప్పుడు నేర్చుకున్నావే అని అమ్మ ఏడుస్తా ఉంది. కొలీగ్ ఒకతను అయిన్ రాండ్ పుస్తకం ఇచ్చి, స్వార్థమే మంచి గుణం అని ఇందులో ఉంది చదువు అన్నాడు. అమ్మ మాటా నచ్చట్లేదు, ఆ మాటా మింగుడు పడట్లేదు. ఏది కరెక్ట్?
– పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మాట్లాడతా.

అయిన్ రాండ్ అనే ఈ రచయిత్రి 1905లో రష్యాలో పుట్టింది, విప్లవం వచ్చాక వాళ్ళ నాన్న మందుల షాపుని ప్రభుత్వం లాగేసుకుంది, 1926లో అమెరికా వెళ్ళిపోయింది. అందరి మంచి కోసం అని చెప్పి ఒకరి కష్టాన్ని ఎట్ట ఊడ్చుకుపోతారో చిన్నప్పుడే కళ్ళారా చూసిన మనిషి కాబట్టి ఆ కోపం ఆమె రాసిన ప్రతి పేజీలో ఉంటుంది. స్వార్థం మంచి గుణం అని వాదించే వ్యాసాల పుస్తకం 1964లో వచ్చింది. అయితే ఆమె చెప్పిన స్వార్థం అంటే దొరికింది దోచుకోవడం కాదు, ఎదుటోళ్ళని వాడుకోవడమూ కాదు. బుద్ధితో ఆలోచించి నీ జీవితానికి ఏది మేలో అది చెయ్యి, నీ కోసం ఇంకొకళ్ళని బలి ఇవ్వొద్దు, ఇంకొకళ్ళ కోసం నువ్వూ బలి కావొద్దు అంటుంది. ఆమె గొడవ పెట్టుకుంది పక్కింటోళ్ళకి సాయం చేసేవాళ్ళతో కాదు. 1850లలో ఆగస్ట్ కామ్టే అనే ఫ్రెంచ్ ఆయన పరుల కోసం బతకడమే నీతి, మనిషికి బాధ్యతలు తప్ప హక్కులే లేవు అనేదాకా వెళ్ళాడు, ఆ ఆలోచన మీద ఆమె పోరాటం.

ఆమె లెక్కలో త్యాగం అంటే నీకు ఎక్కువ విలువైనదాన్ని తక్కువ విలువైనదాని కోసం వదులుకోవడం. ఆ లెక్కన నువ్వు నాన్న అప్పు తీర్చావు చూడు, అది త్యాగమే కాదు, నాన్న నలుగుర్లో తలెత్తుకుని తిరగడం నీకు ఆ జీతం కంటే ముఖ్యం కాబట్టి తీర్చావు. ఇప్పుడు నీ చదువు ఆపి తమ్ముడికి కారు, అదీ వాడు సంపాదించుకుంటుండగా! ఇది ఆమె వద్దన్న త్యాగం, ఈ విషయంలో నేను పూర్తిగా ఆమె పక్కనే ఉంటా. త్యాగం ఇచ్చేవాళ్ళ మనసులోంచి రావాల, తీసుకునేవాళ్ళు బాకీ అడిగినట్టు అడగకూడదు.

ఆమెతో నాకు పడంది ఒకటుంది. మనుషుల మధ్య సంబంధం అంటే విలువకి విలువ ఇచ్చిపుచ్చుకోవడం అంటుంది, మరి నెలల పిల్లాడు ఏమిస్తాడు? మంచాన పడ్డ అవ్వ ఏమిస్తుంది? నాకు ప్రేమ కాబట్టి చేశాను, అందులో త్యాగమేముంది అని ఆమె సమాధానం చెప్పొచ్చు, మరి ప్రేమించేవాళ్ళు ఒక్కరూ లేని అవ్వ సంగతేంది? ఆమె నవలల్లో పసిపిల్లలు దాదాపు కనపడరు, అది ఊరికే జరిగిందని నేను అనుకోను.

అయినా తన మేలు, ఊరి మేలు ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడతాయని ఎవరు చెప్పారు? మన నెల్లూరు జిల్లా దూబగుంట చూడు. 1992లో రోశమ్మ, ఆ ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మీదకి పోయారే, వాళ్ళేమీ లోకాన్ని ఉద్ధరించాలని బయల్దేరలేదు, కూలి డబ్బులు సారాకి పోయి పిల్లలు పస్తులుంటుంటే, తాగొచ్చి మొగుడు కొడుతుంటే, ఇంక మా వల్ల కాదు అని లేచారు. రాత్రి బడుల్లో చదువుకున్న పాఠాలు ధైర్యం ఇచ్చాయి, ఒక ఊర్నుంచి ఇంకో ఊరికి పాకింది, సారా వేలం పాటలు జరగనీయకుండా అడ్డుకున్నారు, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్ళు తమ బతుకు బాగుండాలనే కొట్లాడారు, మొగుడి కోసం సర్దుకుపోవడమే త్యాగం అనుకుని ఇంట్లో కూర్చుంటే ఎవురికి మేలు జరిగేది?

మీ అమ్మని మాత్రం దోషిగా చూడకు. ఆమెని కూడా చిన్నప్పట్నుంచీ నీకేం కావాలి అని ఎవరూ అడిగుండరు. కోపంగా కాదు, అడ్మిషన్ వచ్చాక కాగితం తీసుకెళ్ళి చూపించి, ఇంటి ఖర్చుకి నెలకి ఇంత ఇవ్వగలను, కారు మాత్రం తమ్ముడిదే అని చెప్పు. ఇంకో మాట, తమ్ముడితో నువ్వే నేరుగా మాట్లాడు, ఆ డౌన్ పేమెంట్ సంగతి వాడికి తెలుసో లేదో.

ప్రశ్న: ఎవరు ఏం చేసినా తమ తృప్తి కోసమే, పొట్టి శ్రీరాములు గారు కూడా తన తృప్తి కోసమే చేశారు, త్యాగం అనేదే లేదు అని మా ఫ్రెండ్ వాదిస్తున్నాడు. ఏం చెప్పాలి మేడమ్?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఇది అయిన్ రాండ్ వాదన కూడా కాదు బాబూ. ఆమె స్వార్థంగా ఉండాలి అంది, మీవాడు అందరూ స్వార్థంగానే ఉన్నారు అంటున్నాడు. దీనికి జోసెఫ్ బట్లర్ అనే ఇంగ్లీష్ మతగురువు 1726లోనే జవాబిచ్చాడు. ఒకరికి మంచి జరిగితే నీకు తృప్తి కలిగిందంటే, వాళ్ళ మంచి నీకు ముందే కావాలి కాబట్టే కదా కలిగింది, తృప్తి దాని వెనక వచ్చేది. శ్రీరాములు గారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని దీక్ష చేశారు, వాళ్ళ గౌరవం ఆయనకి పట్టకపోతే అందులో తృప్తి ఎక్కణ్ణించి వస్తుంది? 1952లో మద్రాసులో అక్టోబర్ 19న మొదలుపెట్టి 58 రోజులు తిండి మానేసి డిసెంబర్ 15న పోయారు. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న వచ్చింది, అది చూసి తృప్తి పడటానికి ఆయన లేరు. మీ ఫ్రెండ్‌ని ఒకటే అడుగు, ఏ పని చేస్తే అది స్వార్థం కాదని ఒప్పుకుంటావు అని. ఏదీ లేదంటే ఆయన గురించి వాడు ఏమీ చెప్పనట్టే లెక్క.

ప్రశ్న: మా ఆరేళ్ళ పాప తన బొమ్మలు ఎవరికీ ఇవ్వదు. బలవంతంగా ఇప్పించాలా?
– ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: వద్దు. లాక్కుని ఇప్పిస్తే ఇవ్వడం అనేది దెబ్బ లాగా గుర్తుంటుంది. నువ్వు ఆడుకున్నాక ఇస్తావా అని అడగండి, ఇవ్వనంటే ఆ రోజుకి వదిలేయండి. పక్కింటి పాప బొమ్మ తనకి కావాల్సొచ్చినప్పుడు కూడా ఇదే రూల్ అని మాత్రం ముందే చెప్పి ఉంచండి.