బరాబర్ సంగతి ముందు తేల్చు

రామంతాపూర్,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీకి,

మొన్న రాత్రి ఫోన్లో ఏడవడం ఒక్కటే తక్కువ నీకు. "పెద్దమ్మా, బోర్డు మీద లెక్క చేస్తుంటే అందరూ తలలూపుతారు, అదే లెక్క అంకెలు మార్చి ఇస్తే ఒక్కరికీ రాదు" అన్నావు. పైగా వచ్చే సోమవారం నుంచి తొమ్మిదో తరగతికి గ్రాఫులు మొదలుపెట్టాలట. ఫోన్లో గీతలు గీసి చూపించలేను కాబట్టి కాగితం తీశాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను. అందులో మొదటి పదేళ్ళు తప్పుగా చెప్పాను. ఆ పదేళ్ళు నీకు మిగిలినా చాలు.

ఆ తప్పు ఎలా బయటపడిందో చెప్తా విను. ఒకసారి అర్ధసంవత్సర పరీక్షలో ఊరికే మార్కులు కలుస్తాయిలే అని ఒక బిట్టు ఇచ్చాను. 4ఎక్స్ - 5 = 7 కి 3 సాధన అవునా, కాదా అని. మూడు పెట్టి చూస్తే పన్నెండు, ఐదు తీస్తే ఏడు, అయిపోయింది. నోటిలెక్క. పేపర్లు దిద్దుతుంటే కళ్ళు తిరిగాయి. సగం మందికి పైగా సమీకరణాన్ని మొదటి నుంచి సాధించుకుంటూ పోయారు. మధ్యలో గుర్తు తప్పినవాళ్ళు "కాదు" అని రాసి కింద గీత కూడా కొట్టారు. మూడు పెట్టి చూద్దామన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. అంటే సాధన కనుక్కోవడం నేర్పాను గాని సాధన అంటే ఏంటో నేర్పలేదన్నమాట. ఎక్స్ స్థానంలో ఆ అంకె పెడితే రెండు వైపులా సమానమవ్వాలి అన్న ముక్క నా క్లాసులో ఎవరి చెవినా పడలేదు.

అందుకే నువ్వు సోమవారం గ్రాఫు కాగితం తీయకు. ముందు బోర్డు మీద ఇది రాయి: 8 + 4 = ___ + 5. ఖాళీలో ఏం రావాలో ఎవరికి వాళ్ళు రాసుకొమ్మను. తొమ్మిదో తరగతి అయినా సరే, పన్నెండు అని రాసేవాళ్ళు కనిపిస్తారు. కొందరు పదిహేడు రాస్తారు. చిన్నప్పటి నుంచి ఆ రెండు గీతలంటే "ఇప్పుడు జవాబు రాయి" అనే వాళ్ళకు అర్థం. అదే అలవాటుతో 2ఎక్స్ + 3 = 11 = 2ఎక్స్ = 8 = ఎక్స్ = 4 అని ఒకే వరసలో గొలుసు కడతారు. నోట్సుల్లో నువ్వూ చూసే ఉంటావు. జవాబు కరెక్టే కదా అని టిక్కు పెట్టేస్తాం. పదకొండూ ఎనిమిదీ నాలుగూ ఒకటేనా అని అడిగితే అప్పుడు నవ్వుతారు.

పాతబస్తీ వైపు బళ్ళో చేసినప్పుడు క్లాసులో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు. "సమానం" అంటే పుస్తకం మాట, "ఈక్వల్" అంటే ఇంగ్లీషు పీరియడు. ఒకరోజు విసిగిపోయి "ఇటూ అటూ బరాబర్ ఉండాలె, సమజైందా?" అన్నాను. క్లాసంతా ఒక్కసారి తలెత్తింది. మన హైదరాబాదులో ఆ మాట తెలియనిది ఎవరికి? తెలుగువాళ్ళకూ, ఉర్దూవాళ్ళకూ, కూరగాయల బండివాడికీ ఒకటే అర్థం. అప్పటి నుంచి సమీకరణం చదివేటప్పుడు ఆ గుర్తు దగ్గర బరాబర్ అనే చదివించాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన ముఖం చిట్లించాడు, చిట్లించుకోనీ. ఆ గుర్తు కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ వైద్యుడు మాటిమాటికీ "దీనికి సమానం" అని రాయలేక రెండు సమాంతర గీతలు పెట్టాడు. వాటికంటే సమానమైనవి ఇంకేం ఉంటాయన్నాడు. ఇది పిల్లలకు చెప్పు, ఇష్టపడతారు.

ఇక సాధించడం. తక్కెడ ఉదాహరణ అందరూ చెప్తారు, నేనూ చెప్పేదాన్ని. కొన్నేళ్ళకు అర్థమైందేమిటంటే ఇప్పటి పిల్లలు రెండు పళ్ళేల తక్కెడ చూసిందే తక్కువ. కిరాణా కొట్టులో అంకెలు మెరిసే కాటానే వాళ్ళకు తెలుసు. అందుకని బట్టల హ్యాంగర్ తీసుకుని రెండు కొసలకూ రెండు క్యారీబ్యాగులు కట్టాను. ఒకదాంట్లో గోలీలు కట్టిన మూడు చిన్న మూటలు, విడిగా రెండు గోలీలు. రెండోదాంట్లో పద్నాలుగు గోలీలు. 3ఎక్స్ + 2 = 14 అన్నమాట. మూటలకు పల్చటి కవరే వాడు, గుడ్డ అయితే దాని బరువే ఒరిగిపోతుంది, నాకు మొదటిసారి అలాగే అయి పరువు పోయింది. ఒకవైపు రెండు గోలీలు తీస్తే హ్యాంగర్ ఒరుగుతుంది, రెండోవైపూ తీస్తే మళ్ళీ నిలబడుతుంది. మూడు మూటలకు పన్నెండు గోలీలు, మూటకెన్ని? ఇది కళ్ళతో చూసిన పిల్ల 3ఎక్స్ = 12 దగ్గర పన్నెండులోంచి మూడు తీసేయదు.

అయితే హ్యాంగర్‌ను రెండో రోజుకల్లా బీరువాలో పెట్టెయ్. -3ఎక్స్ = 12 వచ్చినప్పుడు మైనస్ మూడు మూటలు ఎక్కడ కడతావు? అప్పటికి "రెండు వైపులా ఒకే పని చేస్తే బరాబర్ చెడదు" అన్న మాట ఒక్కటీ మిగిలితే చాలు.

పక్షాంతరం, అంటే గుర్తు మార్చి అటువైపు వేసేయడం, పుస్తకంలో ఉందిగా అంటావు. ఉంది, అది దగ్గరి దారి. దారి తెలిసినవాడికే దగ్గరి దారి పనికొస్తుంది. "అటు పోతే గుర్తు మారుతుంది" అని మొదటిరోజే చెప్పావో, 3ఎక్స్ = 12 లో మూడు అటు పోయి మైనస్ మూడు అవుతుంది, ఎక్స్ తొమ్మిది అవుతుంది. నేను పదేళ్ళు దిద్దిన తప్పుల్లో ఎక్కువ నా నోటినుంచి వచ్చిన ఈ వాక్యం పెట్టినవే. రెండు వారాల పాటు ప్రతి వరసకూ పక్కన మార్జిన్లో "రెండు వైపులా 2 తీశాను", "రెండు వైపులా 3 తో భాగించాను" అని రాయించు. రాయలేక విసుగొచ్చి "టీచర్, ఊరికే అటు వేసేయొచ్చు కదా" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు ఊఁ అను.

భిన్నాలు వస్తే హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తో రెండు వైపులా గుణించమని చెప్పు, అంతకంటే ఏం లేదు. 3(ఎక్స్ + 4) ని 3ఎక్స్ + 4 అని రాసేవాళ్ళకు మాత్రం "ముగ్గురికి తలా ఒక చాయ్, నాలుగు బిస్కెట్లు తెమ్మంటే మొత్తం బిస్కెట్లు నాలుగేనా?" అని అడుగు. ఎక్స్ అనే ఎందుకు అని ఎవడో ఒకడు అడుగుతాడు. 12వ శతాబ్దంలో మన భాస్కరాచార్యుడు తెలియని రాశులకు కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు వాడాడని చెప్పి, ఆ రోజుకు నలుపు, నీలం అనుకుంటూ లెక్క చేయించు. పేరు ఏదైనా పరవాలేదని తెలుస్తుంది.

లెక్క అయ్యాక జవాబును వెనక్కి పెట్టి చూడటం మాత్రం వదలకు. సరిచూడనిదానికి నేను సగం మార్కులే వేసేదాన్ని. తల్లిదండ్రులు వచ్చి గొడవ పెట్టుకున్నారు కూడా. ఐఐటీ ఫౌండేషన్ కోచింగుకు పోయే పిల్లలు ముందు బెంచీలో కూర్చుని నీకంటే ముందే జవాబు అరుస్తారు, వాళ్ళను బోర్డు దగ్గరికి పిలిచి సరిచూడమను.

గ్రాఫుకు ఇప్పుడొద్దాం. నిరూపకాలు, అంటే బిందువు ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు, చెప్పేటప్పుడు (2, 5) ను (5, 2) దగ్గర పెట్టడం జలుబులాగా అందరికీ వస్తుంది. నేను అపార్ట్‌మెంటు చెప్పేదాన్ని. ముందు గల్లీలో నడవాలి, ఆ తర్వాతే లిఫ్టు ఎక్కాలి. నడక ఎక్స్, లిఫ్టు వై. మైనస్ వై అంటే సెల్లార్. ఇందులో ఇంకో లాభం ఉంది. ఎక్స్ = 3 గీయమంటే పిల్లలు ఎక్స్ అక్షం మీద అడ్డంగా గీస్తారు, ఎన్నిసార్లు చెప్పినా. గల్లీలో మూడో గేటు దగ్గర ఆగావు, ఏ అంతస్తుకైనా పో, నువ్వు తిరిగేది ఎక్కడ? లిఫ్టు గుంతలో, నిలువుగా. వై = 3 అంటే మూడో అంతస్తు కారిడార్, అడ్డంగా. ఈ ఒక్క పోలికతో నాకు చివరి పదేళ్ళు గొంతు మిగిలింది.

తర్వాత పిల్లల్ని ప్రార్థన గ్రౌండుకు తీసుకెళ్ళు. సుద్దముక్కతో రెండు అక్షాలు గీసి, ఒక్కొక్కరికి ఒక చీటీ ఇచ్చి ఆ బిందువు మీద నిలబడమను. "ఎవరి వై వాళ్ళ ఎక్స్ కంటే రెండు ఎక్కువో వాళ్ళు చెయ్యెత్తండి" అను. ఎత్తిన చేతులన్నీ ఒక వరసలో కనిపిస్తాయి. మా క్లాసులో ఒక పిల్లాడు వరసకు దూరంగా నిలబడి చెయ్యెత్తాడు. నేను నోరు తెరిచేలోపే పక్కపిల్లలు "అరె, లిఫ్టు ముందు ఎక్కినవ్‌రా" అని అరిచారు. చెయ్యెత్తనివాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళు. "నువ్వెందుకు ఎత్తలేదు?" అని అడుగు. గీత మీద ఉన్నవన్నీ బరాబర్, బయట ఉన్నవేవీ కావు. ఈ రెండో సగం చెప్పకపోతే గీత వాళ్ళకు స్కేలు పెట్టి గీసిన బొమ్మగానే ఉండిపోతుంది.

కాగితం మీదికి వచ్చాక ఇంటి ట్యాంకు తీసుకో. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో ఇంతకంటే తెలిసిన విషయం లేదు. వెయ్యి లీటర్ల ట్యాంకులో 200 లీటర్లున్నాయి, మోటారు వేస్తే నిమిషానికి 40 లీటర్లు ఎక్కుతున్నాయి అనుకో. వై = 200 + 40ఎక్స్. పట్టిక వాళ్ళే వేస్తారు: 200, 240, 280. నిమిషానికి నలభై చొప్పున గీత ఎంత నిటారుగా లేస్తుందో అదే వాలు. వాలు అన్న మాట ఆ తర్వాత చెప్పు. మోటారు వేయకముందు ఉన్న 200 దగ్గర గీత వై అక్షాన్ని తాకుతుంది. అరగంటకు ఎన్ని లీటర్లు అని అడుగు, 1400 అని అరుస్తారు. వెయ్యి లీటర్ల ట్యాంకులోనా? ఇరవై నిమిషాలకే నిండి, వాచ్‌మన్ మరిచిపోతే మెట్ల మీద నుంచి కారుతుంది. గీత ఎక్కడ ఆపాలో సమీకరణం చెప్పదు, ట్యాంకు చెప్తుంది.

ఇప్పుడు పక్క బ్లాకు ట్యాంకు తీసుకో. దాంట్లో 1100 లీటర్లున్నాయి, నిమిషానికి 50 చొప్పున ఖాళీ అవుతోంది. వై = 1100 - 50ఎక్స్. అదే కాగితం మీద ఆ గీతా గీయించు, కిందికి దిగుతుంది. రెండూ కలిసిన చోట చదవమను: పది నిమిషాలు, 600 లీటర్లు. తర్వాత బోర్డు మీద 200 + 40ఎక్స్ = 1100 - 50ఎక్స్ రాసి సాధించమను. 90ఎక్స్ = 900, ఎక్స్ = 10. క్లాసులో ఒక నిశ్శబ్దం వస్తుంది చూడు, దాని కోసమే నేను టీచరుగా ఉన్నాను. ఎనిమిదిలో ఒక చరరాశి, తొమ్మిదిలో రెండు, పదిలో సమీకరణాల జత అని మనం మూడేళ్ళు విడివిడిగా చెప్పేది ఒకటే సంగతి అని వాళ్ళకు ఆ రోజే తెలుస్తుంది. ఈ పీరియడును తొందరపెట్టకు. సిలబస్ వెనకబడినా పరవాలేదు.

అన్నీ గీతలే అనుకోకుండా ఒక మెట్రో లెక్క కూడా ఇవ్వు. 2017లో మొదలైనప్పుడు రెండు కిలోమీటర్ల వరకు 10 రూపాయలు, నాలుగు వరకు 15, ఆరు వరకు 25 ఉండేది. గీయమంటే బిందువులు కలిపి గీత గీసేస్తారు. మూడు కిలోమీటర్లకు ఎంత, మూడున్నరకు ఎంత అని అడిగితే మెట్లు బయటపడతాయి, అవి కూడా ఒకే ఎత్తులో ఉండవు.

ఇక చిల్లర సంగతులు. 2ఎక్స్ + 3వై = 12 లాంటిది ఇస్తే పిల్లలు ఎక్స్‌కు 1 పెట్టి భిన్నం రాగానే పెన్ను కింద పడేస్తారు. 0, 3, 6 పెట్టమను, వై 4, 2, 0 వస్తుంది. గీతకు రెండు బిందువులు చాలు, మూడోది కాపలాకు. అది వరసలో పడకపోతే ఎక్కడో తప్పిందని పిల్లలే పట్టుకుంటారు. అక్షాల మీద అంకెల మధ్య దూరం సమానంగా ఉందో లేదో నువ్వే తిరిగి చూడాలి. మొదటి గడికి 1, రెండో గడికి 2, మూడో గడికి 5 వేసేవాళ్ళుంటారు. పట్టికలో ఉన్న అంకెలనే వరసగా అక్షం మీద వేసేస్తారు మరి. స్కేలు రాయడం, గీతకు రెండు కొసలా బాణాలు పెట్టడం మార్కుల కోసమైనా అలవాటు చెయ్.

నలభై నిమిషాల పీరియడ్లో ఇవన్నీ కావు, తెలుసు. సోమవారానికి ఖాళీ గడి లెక్క, హ్యాంగర్. గ్రౌండు గురువారం పెట్టుకో, ఎండ ముదరకముందు మొదటి పీరియడ్లో. పీఈటీ సారును ముందే అడిగి పెట్టు, లేకపోతే అక్కడ కబడ్డీ జరుగుతుంటుంది. గోలీలు మా ఇంట్లో డబ్బాలో ఉన్నాయి, శనివారం వచ్చి పట్టుకుపో. రంగు సుద్దముక్కలు బళ్ళో ఇవ్వరు, నువ్వే కొనుక్కో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ