స్వర్ణలత గురించి రాసే ముందు

అమ్మాయీ,

సినీ గాయని స్వర్ణలత మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆమె అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ వ్యాసమంతా వెతికినా ఆమె గొంతు ఒక్కచోటా వినపడలేదు. గానకోకిల, మూగబోయిన స్వరం, తీరని లోటు... ఏ గాయకులు పోయినా పేపర్లలో ఇవే మాటలు వస్తాయి. పేరు మారిస్తే నీ వ్యాసం ఇంకొకరికి సరిపోతుంది. అది నాకు బాధనిపించింది.

ముందు కూర్చుని పాటలు విను. 'ప్రేమికుడు'లో మనోతో పాడిన ముక్కాలా విని, వెంటనే 'సఖి'లో కలలై పోయెను పెట్టుకో. మొదటిదాంట్లో ఆ హుషారు చూడు. రెండోదాంట్లో ఎక్కడా ఏడుపు గొంతు పెట్టదు, అయినా వినేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. ఎలా? అది నీ చెవితో నువ్వే పట్టుకుని రాయాలి. తమిళ 'కరుత్తమ్మ'లో పోరాళే పొన్నుత్తాయి కూడా విను. సినిమాలో ఆ పాట రెండుసార్లు వస్తుంది. సంతోషంగా ఉన్నప్పటిది ఉన్ని మేనన్, సుజాత పాడారు. దుఃఖంలో వచ్చేది రెహమాన్ ఈమె చేత పాడించారు, దానికే జాతీయ అవార్డు వచ్చింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే, తమిళం రాకపోయినా, ఆ పాట ఈమెకే ఎందుకిచ్చారో తెలిసిపోతుంది.

"37 ఏళ్లకే పోయింది" అని పేజీకోసారి రాశావు. అన్యాయమే, కాదనను. కానీ 1987లో ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతంలో, ఏసుదాసు పక్కన నిలబడి మొదటి సినిమా పాట పాడేనాటికి ఆమెకు 14 ఏళ్లు. అక్కణ్నుంచి ఎన్ని భాషల్లో, ఎంతమంది సంగీత దర్శకుల దగ్గర పాడింది! అదంతా నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో అయిపోయింది. ఆమె పోయిన 2010 సెప్టెంబర్ 12 మాత్రం రెండు పేజీలుంది.

ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది కాబట్టి "ఊపిరే ఆమెను మోసం చేసింది" అన్నావు. ఆ వాక్యం తీసెయ్. వినడానికి బాగుంటుంది, కానీ ఒక మనిషి పడ్డ బాధ మన వాక్యానికి నగ కాకూడదు. "ఆమె ఒంటరితనమే పాటైంది" అన్నదీ తీసెయ్. పెద్దగా ఇంటర్వ్యూలు ఇవ్వని మనిషి ఆమె. చెప్పుకోనిదాన్ని మనం ఊహించి రాయడం తగదమ్మా.

నీ వ్యాసంలో నన్ను నిజంగా కదిలించింది ఒకటుంది. మీ ఊరి పెళ్లిళ్లలో 'చూడాలని వుంది' సినిమాలోని రామ్మా చిలకమ్మా మోగుతుంటే అందరూ డాన్సు చేసేవాళ్లనీ, పాడిందెవరో ఎవరికీ తెలియదనీ రాశావు. అక్కడ మొదలుపెట్టు. డబ్బింగ్ పాటల క్యాసెట్లు అరిగిపోయేలా విన్నాం. హీరో పేరు, సంగీత దర్శకుడి పేరు తెలుసు. ఆమె పోయాక "అయ్యో, ఆ పాట కూడా ఈమెదేనా?" అన్నవాళ్లు మనలో ఎంతమందో. ఉన్నన్నాళ్లూ పేరు పెట్టి మెచ్చుకోలేకపోయామన్న ఈ బాధ మన తెలుగువాళ్లది. దీన్ని ఎవరైనా రాయాలని నాకెప్పట్నుంచో ఉంది.

ఏ పాట ఏ సినిమాలోదో, ఏ సంవత్సరమో సరిచూసుకుని మళ్లీ రాసి పంపు. తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు