ఐజాక్‌ను చూపిస్తే అమ్మకు అర్థమవుతుందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. ఇంతవరకు ఎవరి మీదా ప్రేమ పుట్టలేదు, శారీరకమైన కోరికా కలగలేదు. కాలేజీలో స్నేహితురాళ్లు చెప్పుకునే కబుర్లకు నవ్వి ఊరుకునేదాన్ని. ఈమధ్య ‘హార్ట్‌స్టాపర్’ సిరీస్‌లో ఐజాక్‌ని చూశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అది అచ్చం నేనే. తర్వాత ‘బోజాక్ హార్స్‌మన్’లో టాడ్‌నీ చూశాను, కానీ అతను మళ్లీ ఒకరితో జోడీ కడతాడు. అది నేను కాదు. అక్కతో చెబితే ‘సిరీస్‌లు చూసి లేనిది అంటించుకున్నావు’ అంది. అమ్మ ‘పెళ్లయ్యాక అన్నీ అవే వస్తాయి’ అంటుంది. మూడు వారాల్లో పెళ్లిచూపులు. ఆ సిరీస్ అమ్మకు చూపిస్తే అర్థమవుతుందా? లేక నేనే భ్రమపడుతున్నానా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీరు భ్రమపడటం లేదు. మీ అక్క మాటకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఐజాక్ కథ వచ్చింది ‘హార్ట్‌స్టాపర్’ రెండో సీజన్‌లో, 2023 ఆగస్టులో. మీరు స్నేహితురాళ్ల కబుర్లకు నవ్వి ఊరుకున్నది అంతకు ఎన్నో ఏళ్ల ముందు. ఉన్నది ముందునుంచీ ఉంది, పేరు మాత్రం ఇప్పుడు దొరికింది. రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. పదేళ్లుగా ‘నాలో ఏదో లోపం’ అనుకున్న మనిషికి, అలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిస్తే అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఐజాక్‌కీ టాడ్‌కీ తేడా చూద్దాం. అమ్మతో మాట్లాడేముందు ఇది మీ మనసులో తేటపడాలి. శారీరక ఆకర్షణ ఒకటి, ప్రేమలో పడటం మరొకటి. మొదటిది ఎవరి మీదా కలగనివాళ్లు అసెక్సువల్, తెలుగులో కొందరు ‘అలైంగికులు’ అని రాస్తున్నారు. రెండోది కలగనివాళ్లు ఏరొమాంటిక్. ఈ రెండూ జంటగానే రావాలని లేదు. టాడ్ అసెక్సువలే గానీ ఏరొమాంటిక్ కాదు. 2016లో వచ్చిన మూడో సీజన్ చివర స్నేహితురాలు ఎమిలీ దగ్గర కూర్చుని, తాను అబ్బాయిలను కోరేవాడూ కాదు, అమ్మాయిలను కోరేవాడూ కాదు, బహుశా ఏమీ కానేమో అని నసుగుతాడు. మరుసటి ఏడు నాలుగో సీజన్‌లో ‘నేను అసెక్సువల్‌ని’ అని పైకి అంటాడు, అన్నాక అతని మనసు తేలికపడుతుంది. తోడు మాత్రం కావాలంటాడు, వెతుక్కుంటాడు. ఐజాక్‌కి రెండూ లేవు. మీరు రాసినదాన్ని బట్టి మీరు ఐజాక్‌కి దగ్గర. అయినా ఫలానా పాత్రలా ఉండి తీరాలన్న నియమం లేదు, ఆ పేరూ ఇవాళే ఖాయం చేసుకోనక్కర్లేదు.

మీరు చూసిన ఘట్టాన్నే ఒకసారి దగ్గరగా చూడండి. ఐజాక్ తోటి విద్యార్థి జేమ్స్ మంచి కుర్రాడు. ఐజాక్ అంటే ఇష్టపడతాడు. తనకూ ఇష్టం కలగాలని ఐజాక్ నిజంగానే ప్రయత్నిస్తాడు. ముద్దు పెట్టుకుంటారు. ఐజాక్‌కి ఏమీ అనిపించదు. తర్వాత ఒక చిత్రకళా ప్రదర్శనలో, తమలాంటివాళ్లు పెరిగే తీరు గురించి ఒక కళాకారుడు తన బొమ్మ ముందు నిలబడి చెబుతుంటే ఐజాక్ కదలకుండా వింటాడు. ఆ కథలో జేమ్స్ తప్పు లేదు, ఐజాక్ తప్పూ లేదు. ఐజాక్‌ని ఎవరో మోసం చేయలేదు, చిన్నప్పుడు ఏ ఘోరమూ జరగలేదు. అందుకే అది మంచి చిత్రణ. ‘సరైనవాడు దొరకలేదు’ అన్న వాదన అక్కడ నిలవదు, ఎందుకంటే దొరికినవాడు సరైనవాడే. సృష్టికర్త ఆలిస్ ఓస్మన్ తానూ ఈ కోవకే చెందుతానని బహిరంగంగా చెప్పినవారు కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త కనిపిస్తుంది.

అన్ని చిత్రణలూ ఇలా ఉండవు. మీరు చెప్పాక ఇంట్లో ఎవరైనా వెతికితే ఏది ముందు తగులుతుందో చెప్పలేం. ‘హౌస్’ అనే అమెరికన్ వైద్య సీరియల్‌లో 2012లో ఒక ఎపిసోడ్ వచ్చింది. అసెక్సువల్ అని చెప్పుకునే భార్యాభర్తలు వస్తారు. చివరికి భర్తకు పిట్యూటరీ గ్రంథిలో కణితి ఉందని, భార్య అతనికోసం అబద్ధమాడిందని తేలుస్తారు. అంటే ఒకరిది రోగం, ఒకరిది అబద్ధం. మీ అమ్మగారి భయానికి సరిగ్గా సరిపోయే కథ అది. ఇంకోటి జగ్‌హెడ్. ఆర్చీ కామిక్స్‌లో 2016లో అతన్ని అసెక్సువల్‌గా స్పష్టంగా రాశారు. 2017లో మొదలైన ‘రివర్‌డేల్’ సీరియల్‌లో అదే కుర్రాడికి ప్రేమకథ అల్లారు. మన సినిమాల్లోనూ ప్రేమంటే గిట్టని పాత్ర ఇంటర్వెల్ దాటేసరికి కరగడం చూస్తూనే పెరిగాం. మీ అమ్మగారు అంటున్న ‘అన్నీ అవే వస్తాయి’ వెనక పెద్దల అనుభవంతో పాటు ఈ కథలూ ఉన్నాయి. కాబట్టి ఆమెను కసురుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న: చూపించాలా వద్దా? సిరీస్ మొత్తం వద్దు. ‘బోజాక్’లో తాగుడు, మత్తుమందులు చూసి ఆమె టాడ్ దాకా రారు. ‘సెక్స్ ఎడ్యుకేషన్’లో 2020లో వచ్చిన ఫ్లారెన్స్ ఘట్టం చాలా బాగుంటుంది. తాను విరిగిపోయానేమో అని అడిగిన అమ్మాయికి, సెక్స్ వల్ల మనిషి పూర్తి కాడు కాబట్టి అది లేనంతమాత్రాన విరిగిపోవడం ఉండదని కౌన్సెలర్ చెబుతుంది. కానీ ఆ సిరీస్ పేరు వింటేనే అమ్మగారు లేచి వెళ్లిపోతారు. ‘హార్ట్‌స్టాపర్’లో ప్రధాన కథ ఇద్దరు అబ్బాయిల ప్రేమ. ఐజాక్ సన్నివేశాలకు ముందే చర్చ అటు మళ్లి, ‘నీదీ అదేనా’ అన్న ప్రశ్న వస్తుంది. అది తప్పు ప్రశ్న కాదు గానీ మీరు చెప్పవలసింది అందులో మునిగిపోతుంది.

కుటుంబానికి దగ్గరగా ఉండేది 2022లో జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన ‘కోయిసెను ఫుతారి’. ప్రేమా శారీరక కోరికా రెండూ లేని ఒక ఆమె, ఒక అతను కలిసి ఒకే ఇంట్లో ‘ప్రస్తుతానికి కుటుంబం’గా ఉంటారు. పెళ్లి, ఇరుగుపొరుగు మాటలు, అమ్మ దిగులు అన్నీ అందులో ఉన్నాయి. మన ఇళ్లలో వినబడేవే. దొరికితే అక్కతో కలిసి చూడండి, అమ్మతో తర్వాత. అక్కను ముందు మీవైపు తెచ్చుకుంటే అమ్మ దగ్గర సగం బరువు తగ్గుతుంది.

అమ్మకు మాత్రం పాత్ర పేరుతో మొదలుపెట్టకండి. ‘ఐజాక్‌లా’ అంటే మాట సిరీస్ మీదికి పోతుంది, అక్క అన్నదే నిజమన్నట్టు అవుతుంది. మీ సంగతి మీ మాటల్లో చెప్పాక, ఆమె ‘ఇలాంటివాళ్లు ఉంటారా’ అని అడిగినప్పుడు ఐజాక్ కనిపించే ఆ మూడు నాలుగు నిమిషాల ముక్క ఫోన్‌లో చూపించి, పక్కనే కూర్చుని తెలుగులో చెప్పండి. సమయం కూడా ముఖ్యం. పెళ్లిచూపుల ముందురోజు, చుట్టాలున్నప్పుడు, గొడవ మధ్యలో వద్దు. ఈ ఆదివారమే మంచిది, అప్పటికి ఇంకా రెండు వారాల పైనే ఉంటుంది. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘అమ్మా, నాకు ఇంతవరకు ఎవరి మీదా అలాంటి ఇష్టం కలగలేదు. కలుగుతుందేమోనని పదేళ్లు చూశాను. ఎవరూ నన్ను మోసం చేయలేదు, ఎవరినీ దాచడం లేదు. నువ్వంటే, అక్కంటే ప్రేమ ఉంది. భర్తతో ఉండవలసిన ఆ ఒక్క ఇష్టం నాలో లేదు. ఆరు నెలలు సంబంధాలు చూడటం ఆపు, ఈలోపు మనం మాట్లాడుకుందాం.’ ఎప్పటికీ పెళ్లి వద్దన్న మాట మొదటిరోజే తేవద్దు. ఆ మాట పడగానే ఆమె చెవులు మూసుకుపోతాయి. గడువు అడిగితే బేరానికి చోటుంటుంది.

ఆమె అడగబోయేవి దాదాపు తెలిసినవే. ‘సన్యాసం పుచ్చుకుంటావా?’ అంటారు. భీష్ముడు తండ్రికోసం పెళ్లి వదులుకుని ప్రతిజ్ఞ పట్టాడు. అది వ్రతం. మీరు దేన్నీ వదులుకోవడం లేదు, మీకు ఆకలే లేదు. ఉపవాసానికీ ఆకలి లేకపోవడానికీ ఉన్న తేడా ఏ అమ్మకైనా తెలుసు, అలాగే చెప్పండి. ‘డాక్టర్‌కు చూపిద్దాం’ అంటే కాదనకండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చేయించుకోవడంలో నష్టం లేదు. ఒకప్పుడు ఉన్న కోరిక ఈమధ్య తగ్గితే అవి తప్పక చూడాలి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులూ తగ్గిస్తాయి. మీకు మొదటినుంచీ లేదు కాబట్టి ఫలితాలు మామూలుగా వచ్చే అవకాశమే ఎక్కువ. ‘పెళ్లి చేస్తే సరిపోతుంది’ అన్న డాక్టర్ దగ్గరికి మాత్రం రెండోసారి వెళ్లకండి. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్-5 అనే వర్గీకరణ గ్రంథం 2013లోనే, తనను అసెక్సువల్‌గా గుర్తించుకున్న మనిషికి కోరిక లోపం అన్న జబ్బు పేరు పెట్టకూడదని రాసింది. ఇది అరుదే గానీ వింత కాదు. బ్రిటన్‌లో 18,000 మందికి పైగా ఇచ్చిన సమాధానాలను ఆంథొనీ బొగార్ట్ 2004లో పరిశీలిస్తే, సుమారు నూటికి ఒకరు ఎవరి మీదా ఆకర్షణ కలగలేదన్నారు.

‘పెళ్లయ్యాక వస్తుంది’ అన్నదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, నిజాయితీగా ఒప్పుకుందాం. గాఢమైన అనుబంధం ఏర్పడ్డాక మాత్రమే ఆకర్షణ కలిగేవాళ్లు ఉన్నారు, వాళ్లను డెమిసెక్సువల్ అంటారు. మీరు అలా అవుతారో కారో ఎవరూ ముందు చెప్పలేరు. ఆ అనుమానం మీద ఇంకొక మనిషి జీవితాన్ని పందెం పెట్టకూడదు, మీ జీవితాన్నీ పెట్టకూడదు.

ఒత్తిడికి తలవంచి పెళ్లిచూపుల్లో కూర్చోవలసి వస్తే, లేదా మీరే తోడు కోసం పెళ్లికి సిద్ధపడితే, నిశ్చితార్థానికి ముందే ఆ అబ్బాయితో విడిగా మాట్లాడి విషయం తేటగా చెప్పండి. ‘నాకు కొంచెం టైమ్ కావాలి’ అన్న మెత్తటి మాట సరిపోదు. పిల్లల సంగతి కూడా అప్పుడే రావాలి. హిందూ వివాహ చట్టం 1955లోని 12వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి మోసంతో సమ్మతి తీసుకున్నారని రుజువైతే పెళ్లి రద్దుకు వెళ్లవచ్చు. సమర్ ఘోష్ విడాకుల కేసులో 2007లో సుప్రీంకోర్టు, శారీరక అశక్తత గానీ సరైన కారణం గానీ లేకుండా చాలాకాలం దాంపత్యానికి ఒప్పుకోకపోవడం మానసిక క్రూరత్వం కావచ్చని చెప్పింది. రేపు మీమీద కేసు పడకూడదనే కాదు, మొదటి రాత్రి గదిలో మీరు ఒంటరిగా భయపడకూడదనే ముందు చెప్పమంటున్నాం. ఆ అబ్బాయి విషయం బయటపెడతాడన్న భయం ఉంటే, ‘అసెక్సువల్’ అన్న పేరు వాడకుండా ‘శారీరక సంబంధం మీద నాకు ఆసక్తి లేదు, పెళ్లితో మారుతుందని నేను మాటివ్వలేను’ అనండి. అంత చాలు.

మూడు వారాల్లో అమ్మ ఒప్పుకోరు. ఏడుస్తారు, రెండు రోజులు అన్నం మానేస్తారేమో. ఆ పూట పక్కన కూర్చుని తినిపించండి, మాట మాత్రం వెనక్కి తీసుకోవద్దు. ఉక్కిరిబిక్కిరి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆదివారం అక్కను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. అక్క చూడని ఆ ఐజాక్ సన్నివేశాన్ని ఆమెకు శనివారం రాత్రే చూపించి పెట్టండి.